క్రోషే దుప్పటి మొదలుపెట్టే ముందు: ఎంత సైజు, ఎంత ఊలు

క్రోషే దుప్పటి అల్లాలని సరదా పడ్డవాళ్ళెవరైనా నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని ఉండల ఊలు పడుతుందండీ?" నేను ఎదురడిగేదీ ఒకటే: "కప్పుకునేదెవరు? ఎక్కడ?" అది తేలకుండా ఉండల లెక్క చెప్పమంటే, ఒంటి కొలతలివ్వకుండా చొక్కాకి గుడ్డ ఎంత పడుతుందని దర్జీని నిలదీసినట్టు ఉంటుంది.

చాలామంది ఈ పని తలకిందులుగా మొదలుపెడతారు. రంగు చూసి ముచ్చటపడి నాలుగుండలు కొనేస్తారు, ఆ తర్వాత వాటితో ఏమొస్తుందా అని ఆలోచిస్తారు. నాలుగుండలతో వచ్చేది మఫ్లరు, దుప్పటి కాదు. ముందు మనిషి, తర్వాత కొలత, తర్వాత ఊలు రకం, ఆపైన నమూనా ముక్క (కొలతా బరువూ తెలుసుకోవడానికి అల్లి చూసే చిన్న ముక్క). మిగతా ఉండలన్నీ అప్పుడే కొనాలి. నమూనా ముక్కకని ఒక్క ఉండ మాత్రం ముందే తెచ్చుకోక తప్పదు.

కొలత సంగతి

కూర్చుని ఒళ్ళో కప్పుకునేదానికి 90 × 120 సెంటీమీటర్లు చాలు. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళకి అంతకంటే పెద్దది వద్దు, అంచు చక్రాల్లో పడుతుంది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళకి 120 × 150. ఇంగ్లీషు డిజైన్లలో 'త్రో' అని రాసేది దాదాపు ఇంతే ఉంటుంది. ఆరడుగుల మనిషికి మాత్రం ఆ 150 ఎటూ చాలదు. పాదాలు కప్పుకుంటే భుజాలు బయటికొస్తాయి. నిటారుగా కాళ్ళు చాపుకుని పడుకునేవాళ్ళకి మనిషి ఎత్తు మీద ఓ జానెడు కలుపుకోండి.

పసిపిల్లల దుప్పటి 75 × 90 ఉంటే పిల్లల్ని తిప్పే బండిలోకీ, ఒళ్ళో చుట్టుకోవడానికీ సరిపోతుంది. అయితే ఒక్క మాట. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయే చోట విడి దుప్పటి ఏదీ ఉంచొద్దన్నది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారి సలహా. కాబట్టి ఆ దుప్పటి మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళు పక్కనే ఉన్నప్పుడు వాడుకునేదే. నిద్రకి అనుకుని పెద్దది అల్లకండి. పెద్ద పెద్ద రంధ్రాల డిజైను, కుచ్చులు, పూసలు కూడా పసివాళ్ళకి వద్దు. వేళ్ళు ఇరుక్కుంటాయి, దొరికిందల్లా నోట్లోకి పోతుంది.

మంచం మీద పరిచేదానికి పట్టికలు చూడకండి. మీ పరుపు మీద టేపు పెట్టండి. ఎందుకంటే సింగిల్, క్వీన్, కింగ్ అనే పేర్లు అన్ని చోట్లా ఒకటే అయినా కొలతలు ఒకటి కావు. పరుపు వెడల్పుకి రెండు పక్కలా వేలాడాల్సింది కలపండి, పొడవుకి కాళ్ళవైపు వేలాడాల్సింది కలపండి. తలవైపు అక్కర్లేదు, దిండ్లుంటాయి. పరుపు 150 × 200 అనుకుందాం, వేలాడేది 30 అనుకుందాం. వెడల్పు 210, పొడవు 230 అవుతుంది. వింటే ఎంతో అనిపించదు కానీ వైశాల్యం చూస్తే 48,300 చదరపు సెంటీమీటర్లు. సోఫా దుప్పటిది 18,000. అంటే ఒకటి కాదు, రెండున్నర దుప్పట్లకు పైగా అల్లుతున్నారన్నమాట. బరువు కూడా అంతే పెరుగుతుంది. సగం అయ్యాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్రతి వరసకీ తిప్పుకోవడమే ఒక పని.

మొదటిసారి అల్లేవాళ్ళు మంచానికే కావాలని పట్టుబడితే, కాళ్ళవైపు అడ్డంగా పరిచే పట్టీ అల్లుకోమంటాను. పై మంచానికే 210 × 70 పట్టీ అంటే 14,700. సోఫా దుప్పటి కంటే తక్కువ పని. చూడ్డానికి మంచమంతా అలంకరించినట్టే ఉంటుంది, చలేస్తే పైకి లాక్కోవచ్చు కూడా.

అంకెలు కళ్ళకి కట్టకపోతే ఇంట్లో ఉన్న పాత దుప్పటి తీయండి. అనుకున్న కొలతకి మడతపెట్టి పిన్నులు గుచ్చి, కప్పుకోబోయే మనిషి మీదే కప్పి చూడండి. "ఇంకాస్త పొడుగుంటే బాగుండు" అనే మాట వచ్చేది అప్పుడే. అది చైన్ (అల్లిక మొదలుపెట్టే గొలుసు కుట్టు) వేయకముందు రావడం మంచిది.

ఏ ఊలు

ఇక్కడ అడగాల్సింది ఎవరు ఉతుకుతారు అని. మా ఆడపడుచు జీన్సుల్నీ పట్టు రవికల్నీ ఒకే మెషీన్లో వేసే మనిషి. ఆవిడకి నేను యాక్రిలిక్ తప్ప ఇంకోటి అల్లను. యాక్రిలిక్ తేలికగా ఉంటుంది, మెషీన్లో వేసినా తట్టుకుంటుంది, కొలత పెద్దగా మారదు. దానికి శత్రువు వేడి. ఇస్త్రీ పెట్టె తగిలితే కుట్లు చదునైపోయి, మెరుపెక్కి, జీవం పోతుంది. ఆ పోయింది మళ్ళీ రాదు.

నూలు దారం చర్మానికి చల్లగా ఉంటుంది, చెమట పట్టే ఒంటికి హాయి. కానీ బరువు. పైగా సాగితే వెనక్కి రాదు. తడిసిన నూలు దుప్పటిని తాడు మీద ఆరేశారంటే దాని బరువుకి అదే కిందికి దిగిపోతుంది. నూలుతో అల్లేవాళ్ళు పరిచి ఆరబెట్టడానికి చోటుందో లేదో ముందే చూసుకోవాలి. అసలైన గొర్రె ఉన్ని బాగా వెచ్చగా ఉంటుంది, కానీ వేడినీళ్ళూ రాపిడీ కలిస్తే గట్టిపడి కుదించుకుపోతుంది. లేబుల్ మీద 'సూపర్‌వాష్' అని ఉన్న ఉన్నికి ఆ బెడద బాగా తక్కువ. గుచ్చుకుంటుందేమో తెలుసుకోవాలంటే అరచేత్తో తడిమి లాభం లేదు. ఉండని మెడకింద కాసేపు ఆనించుకుని చూడండి. అరచేతికి మెత్తగా అనిపించింది మెడకి గరుకు కావచ్చు.

బొచ్చు ఊలు, వెల్వెట్ లాంటి ఊలు మొదటి దుప్పటికి వద్దు. కుట్టు కనిపించదు, విప్పబోతే చిక్కుపడుతుంది. నలుపూ ముదురు నీలమూ రాత్రి దీపం కింద అల్లేవాళ్ళకి కళ్ళ నొప్పి.

ఇక మందం. ఉండ లేబుల్ మీద 0 (అన్నిటికంటే సన్నం) నుంచి 7 (అన్నిటికంటే మందం) వరకు ఒక అంకె వేస్తుంటారు, క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ వారి పద్ధతి అది. 3 అంటే డీకే, 4 అంటే వర్‌స్టెడ్, 5 బల్కీ. మొదటి దుప్పటికి నా ఓటు 4కే, 5 లేదా 5.5 మిల్లీమీటర్ల హుక్‌తో. దుప్పటి ఒంటి మీద జారాలి, అట్టలా నిలబడకూడదు. అందుకని లేబుల్ మీద చెప్పిన హుక్ కంటే అర మిల్లీమీటరు పెద్దది పట్టుకుని ముక్క అల్లి చూడండి.

ఇంకో సంగతి. రెండు రకాల ఊలు పోల్చేటప్పుడు గ్రాములు చూడకండి, మీటర్లు చూడండి. అదే మందంలో 100 గ్రాముల నూలు ఉండలో ఉండే దారం 100 గ్రాముల యాక్రిలిక్ ఉండలో ఉండేదానికంటే తక్కువ. డిజైన్‌లో పది ఉండల యాక్రిలిక్ అని ఉంటే పది ఉండల నూలు తెచ్చుకున్నవాళ్ళకి చివరి భాగానికి దారం ఉండదు.

నమూనా ముక్క, వంటింటి త్రాసు

ముక్క అల్లమంటే ముఖం మాడ్చుకునేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం ముక్క అల్లకుండా ఒక్క ఉండ కూడా అదనంగా కొనను. ఎంత ఊలు పడుతుందని డిజైన్‌లో రాసే అంకె ఆ రాసినవాళ్ళ చేతిది. మీ చేతి బిగువు మీది.

కనీసం 20 × 20 సెంటీమీటర్ల ముక్క అల్లండి. దుప్పటికి ఏ కుట్టు అనుకున్నారో అదే కుట్టు, అదే హుక్. డబుల్ క్రోషేతో (పొడుగు కుట్టు) ముక్క అల్లి, దుప్పటి సింగిల్ క్రోషేతో (పొట్టి కుట్టు) అల్లితే లెక్కంతా గల్లంతు. సింగిల్ క్రోషే దట్టంగా వస్తుంది, అదే వైశాల్యానికి ఊలు ఎక్కువ తింటుంది. ఇంకోటి, మీరు మామూలుగా ఎలా కూర్చుని అల్లుతారో ముక్క కూడా అలాగే అల్లండి. టీవీ చూస్తూ అల్లే మనిషి, ముక్క మాత్రం బల్ల ముందు కుదురుగా కూర్చుని అల్లితే చేయి బిగుస్తుంది.

అయ్యాక దాన్ని దుప్పటిని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి ఆరబెట్టండి. ఆరాక మధ్యలో 10 సెంటీమీటర్లు కొలవండి, అంచులు వదిలేయండి, అంచులు ఎప్పుడూ అబద్ధమే చెబుతాయి. ఆ 10 సెంటీమీటర్లలో అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరసలు అన్నది రాసుకోండి. తర్వాత మొత్తం ముక్కని కొలిచి, తూకం వేయండి. గ్రాముల్లో చూపించే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. మరీ చిన్న ముక్కైతే ఒక గ్రాము తేడా కూడా చివరికి ఒక ఉండ తేడా అవుతుంది. అందుకే 20 సెంటీమీటర్లు అంటున్నాను.

నూలుతో అల్లేవాళ్ళకి ఇంకో పరీక్ష: ముక్క కింది అంచుకి నాలుగైదు బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వేలాడదీయండి. పొద్దున మళ్ళీ కొలవండి. ఎంత సాగిందో చూస్తే దుప్పటి పొడవు ఎంత తగ్గించి అల్లాలో తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క. ముక్క సరిగ్గా 20 × 20, అంటే 400 చదరపు సెంటీమీటర్లు. బరువు 21 గ్రాములు వచ్చిందనుకుందాం. దుప్పటి 120 × 150, అంటే 18,000. దాన్ని 400తో భాగిస్తే 45. 45 × 21 = 945 గ్రాములు. దీనికి పదో వంతు కలపండి: కొసలు, విప్పి మళ్ళీ అల్లడాలు, చేయి బిగువులో తేడాలు అన్నీ అందులో పోతాయి. దగ్గరదగ్గర 1,040 గ్రాములు. 100 గ్రాముల ఉండలు 11. నేనైతే 12 కొంటాను. మిగిలిన ఉండతో ఏదో ఒకటి అల్లుకోవచ్చు, తక్కువైన ఉండ మాత్రం తర్వాత దొరకదు. ముందు చెప్పిన మంచం దుప్పటికి ఇదే లెక్క వేస్తే పదో వంతు కలపకముందే రెండున్నర కిలోలు దాటుతుంది. పట్టీకైతే 772 గ్రాములు. చూశారా, ఒక్క ముక్కతో మూడు దుప్పట్ల లెక్క తేలింది.

కుట్ల లెక్క కూడా ఇక్కడే తేల్చేద్దాం. 10 సెంటీమీటర్లకి 13 కుట్లు, 7 వరసలు వచ్చాయనుకోండి. చుట్టూ 5 సెంటీమీటర్ల బోర్డరు వేయాలనుకుంటే, లోపలి భాగం 110 × 140 మాత్రమే. బోర్డరు సంగతి మర్చిపోయి 120కి చైన్ వేస్తే దుప్పటి చివరికి 130 తేలుతుంది, ఉండలు చాలవు. 110కి 143 కుట్లు, 140కి 98 వరసలు. డబుల్ క్రోషే అయితే 145 చైన్లు వేసి, హుక్ నుంచి నాలుగో చైన్‌లో మొదటి కుట్టు వేయాలి. వదిలేసిన మూడు చైన్లు ఒక కుట్టుగా లెక్క.

డిజైన్‌లో పూవులో అలలో ఉంటే కుట్ల సంఖ్య మన ఇష్టానికి రాదు. 'పద్నాలుగు చొప్పున, పైన ఒకటి' అని ఉంటే, 143 కుదరదు. పది పూవులకి 141 (10 × 14 + 1), పదకొండుకి 155. 141 తీసుకుంటే వెడల్పు 108.5 సెంటీమీటర్లు, ఆ ఒకటిన్నర సెంటీమీటరు బోర్డరులో సర్దుకుంటుంది. అలల డిజైన్‌కి ముక్క అల్లేటప్పుడు కనీసం రెండు అలలుండాలి, ఒక్క అల కొలత నమ్మదగ్గది కాదు.

మొదటి చైన్ మాత్రం ఒక సైజు పెద్ద హుక్‌తో వేయండి. చాలామంది చేతిలో చైన్ బిగుసుకుంటుంది, అప్పుడు దుప్పటి కింది అంచు ఇరుగ్గానూ పై అంచు వెడల్పుగానూ తయారవుతుంది. ఉతికితే సర్దుకుంటుందని అంటారు, సర్దుకోదు.

చదరాలైతే

చిన్న చదరాలు అల్లి కలిపే దుప్పటికి లెక్క ఇంకా సులువు. ఒక చదరం ఉతికి ఆరాక 12 సెంటీమీటర్లుందనుకోండి. 9 వెడల్పు, 12 పొడవు పెడితే 108 చదరాలు, దుప్పటి 108 × 144. చదరం 7 గ్రాములైతే 756 గ్రాములు. అందరూ వదిలేసేది అతుకులకి పట్టే ఊలు. నాలుగు చదరాలు అల్లి, మీరనుకున్న పద్ధతిలోనే కలిపి తూకం వేయండి. విడిగా 28 గ్రాములుండేవి కలిపాక 31 అయితే, నాలుగు అతుకులకి 3 గ్రాములు, ఒక్కోటి ముప్పావు గ్రాము. 9 × 12 దుప్పటిలో అతుకులు 195 ఉంటాయి. అంటే ఇంకో 146 గ్రాములు, దాదాపు ఉండన్నర. బోర్డరు దీని పైన.

మూడు రంగుల చదరమైతే ఒక్కోదానికి ఆరు కొసలు. 108 చదరాలకి 648 కొసలు సూదితో లోపలికి దోపాలి. ఇది ఊలు లెక్క కాదు, ఓపిక లెక్క. ఏ చదరం కొసలు ఆ రోజే దోపేసే అలవాటు లేనివాళ్ళు ఒకే రంగు చదరాలు ఎంచుకోవడం మేలు.

మధ్యలో మొదలై చుట్టూ పెరుగుతూ పోయే ఒకే పెద్ద చదరంలో ఒక మాయ ఉంది. పక్క కొలత సగానికి చేరేసరికి "అబ్బ, సగమైంది" అనిపిస్తుంది. అయింది పావు వంతే. కొలత సగమైతే వైశాల్యం పావు కదా. అలాగే పావు ఊలే ఖర్చయి ఉంటుంది. ఆ చుట్టు చూసి రంగులు పంచుకుంటే బయటి రంగు సగంలో అయిపోతుంది.

లెక్కలంటేనే ఒళ్ళు మంట అనేవాళ్ళకి మూల నుంచి మూలకి అల్లే పద్ధతి ఉంది. ఉన్న ఊలంతా తూచి రాసుకోండి. బోర్డరుకి కొంత తీసి పక్కన పెట్టండి. మూలలో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయి, సరిగ్గా సగం బరువు ఖర్చయ్యాక తగ్గించడం మొదలుపెట్టండి. చదరపు దుప్పటి దానంతటదే పూర్తవుతుంది. ఎంత సైజు వస్తుందో ముందు తెలియదు, అంతే.

రంగులు, లాట్ నంబర్లు

ఒకే రంగు పేరున్నా వేర్వేరు విడతల్లో అద్దిన ఊలులో తేడా ఉంటుంది. కొట్లో దీపాల కింద కనిపించదు, దుప్పటి పరిచాక పగటి వెలుగులో గీత గీసినట్టు కనిపిస్తుంది. లేబుల్ మీద లాట్ నంబరు చూసి అన్నీ ఒకే లాట్ తీసుకోండి. దొరక్కపోతే రెండు లాట్లనీ రెండేసి వరసల చొప్పున మార్చి మార్చి అల్లండి, తేడా కరిగిపోతుంది. లేదా రెండో లాట్ మొత్తం బోర్డరుకే వాడండి, అక్కడ కుట్టు మారుతుంది కాబట్టి కన్ను పట్టుకోదు.

చారలకైతే వరస బరువు తెలియాలి. పై లెక్క ప్రకారం లోపలి 110 × 140 భాగానికి 808 గ్రాములు, 98 వరసలు. వరసకి 8 గ్రాముల పైచిలుకు. 100 గ్రాముల ఉండకి 12 వరసలు అంచున అంచునే వస్తాయి, కొసలు వదలాలి కాబట్టి 11 అనుకోండి. అయిదు రంగుల చారలు సమానంగా కావాలంటే ఒక్కో రంగుకి దగ్గరదగ్గర 20 వరసలు, అంటే రెండేసి ఉండలు. 945లో మిగిలిన 137 గ్రాములు బోర్డరుకి, దానికి వేరే రెండు ఉండలు.

అన్నీ కొన్నాక కూడా ఒక తనిఖీ మిగిలింది. మొదటి పది వరసలు అయ్యాక అల్లినదాన్నంతా, హుక్ తీసేసి, త్రాసు మీద పెట్టండి. 83 గ్రాముల దగ్గర ఉండాలి. టేపు కూడా పెట్టండి, వెడల్పు 110 ఉండాలి. బరువు 95 చూపిస్తే వరసకి గ్రాము పైనే ఎక్కువ పోతోందన్నమాట, 98 వరసలకి అది ఇంకో ఉండ పైనే. అప్పటికి అదే లాట్ కొట్లో ఇంకా ఉంటుంది, వెళ్ళి తెచ్చుకోండి. వెడల్పు 116 వచ్చిందంటే చేయి వదులైంది. అప్పుడు పది వరసలూ విప్పి అర మిల్లీమీటరు చిన్న హుక్ పట్టుకోవచ్చు, లేదా ఆ వెడల్పే ఉంచుకుని పొడవులో నాలుగైదు వరసలు తగ్గించుకోవచ్చు. నేనైతే కప్పుకునే మనిషి పొడుగా పొట్టా అన్నది చూసి ఆ రెండింట్లో ఒకటి ఎంచుకుంటాను.